వరకే

ఉరవకొండలో బళ్ళారి రోడ్డు పక్క
నా అంగడి మీద రేకు బోర్డు.
వన్నూర్బీ మోటారు వైండింగ్.
కింద, ఎర్ర రంగుతో,
5 హెచ్.పి. వరకే.

పేరు రాసింది పెయింటరు.
కింది వరస రాసింది నేను.

మొదటి ఏడాది ఒక ఏడున్నర మోటారు
నా చేతుల్లో కాలిపోయింది.
వార్నిషు కమురు మూడు దినాలు
కొప్పులోంచి పోలేదు.
కౌకుంట్ల రైతు తిట్టలేదు, డబ్బులడగలేదు,
మోటారును సైకిలుకు కట్టుకొని
నడిపించుకుంటూ పోయినాడు.
తిట్టింటే బాగుండు.
ఆ సాయంత్రమే బల్ల ఎక్కి కుంచె పట్టినా.

పదకొండేళ్ళు.
పదులూ పదిహేనులూ ట్రాలీల్లో వచ్చి
బోర్డు చూసి గుంతకల్లుకు పోయేవి.
అడ్రసు నేనే చెప్పేదాన్ని,
స్టేషను దాటి ఎడమకు తిరగమని కూడా.
దాన్ని నిజాయితీ అనుకున్నా.
మంచమున్నంత వరకే కాళ్ళు చాపాలని
మా జేజి అనేది.
నిజమే గానీ,
రంపం పట్టుకొని ఆ మంచాన్ని కురచ చేసిందెవరో
జేజి అడగలా, నేనూ అడగలా.

బోర్డు మీద లేని కంచె ఇంకొకటి ఉండేది.
ఎర్రిస్వామి చుట్లు లెక్కపెట్టొచ్చు,
కాగితం కత్తిరించొచ్చు, టీ తేవచ్చు.
జాయింటు మాత్రం నాదే.
నాలుగేళ్ళు వాడు నా భుజం మీదుగా చూసినాడు,
పెండ్లిపందిరి బయట నిలబడినోడి మాదిరి.

ఈ ఏప్రిల్లో తిప్పేస్వామి వచ్చినాడు
పదిహేను హెచ్.పి. బోరు మోటారేసుకొని.
"గుంతకల్లాయన పది దినాలంటాడు.
చీనీచెట్లు పది దినాలాగవమ్మా."
బోర్డు చూపించినా.
"నాకు చదువు రాదు. ఏమనుంది?"

చదివినా.
పైకి చదవడం అదే మొదలు.
అయిదు దగ్గరే గొంతులో ముల్లు పడింది.
"ఎవురు పెట్టినారమ్మా ఈ రూలు,
కరెంటాఫీసోళ్ళా?"

కొండ అవతల గాలిమరలు తిరుగుతున్నాయి.
జవాబు చెప్పలేదు.
"దించండి" అన్నా.

నీళ్ళలో మునిగే మోటారుకు
తీగ ఒకరు దూరిస్తే
ఆ కొసన ఇంకొకరు లాగాల.
గొట్టం పొడుగు నా చెయ్యి పొడుగు కంటే ఎక్కువ.
ఇంత చిన్న సంగతి.
"రారా, ఆ పక్క కూర్చో."

రెండో రాత్రి లెక్క తేడా వచ్చింది.
నేను పదమూడన్నా, వాడు పద్నాలుగన్నాడు.
వాణ్ణే తిట్టినా. విప్పి చూసినా.
పద్నాలుగు.
వాడేమీ అనలేదు,
తీగ సాపు చేసుకుంటూ కూర్చున్నాడు.
తెల్లారుజామున జాయింటు దగ్గరికి వచ్చేసరికి
పటకారు నా చేతిలో ఉంది.
చానాసేపు ఉంది.
తర్వాత వాడి చేతిలో ఉంది.
మధ్యలో ఏం జరిగిందో
నేను సరిగ్గా చెప్పలేను.

తోటలో స్విచ్చి వేసినప్పుడు
మొదట గొట్టం దగ్గింది,
తర్వాత బురద,
తర్వాత ఎర్రనీళ్ళు, ఆగకుండా.
ఎర్రిస్వామి నా వైపు చూడలేదు,
నీళ్ళ వైపే చూసినాడు.
మంచిదే.

అన్నీ కుదరలేదు. ఆగస్టులో ఒక ఇరవై మాడింది.
రెండోసారి ఉచితంగా చుట్టిచ్చినాం.
చైనుపుల్లీ కోసం పొదుపు సంఘంలో తెచ్చిన అప్పు
ఇంకా తొమ్మిది కంతులుంది.
ఇప్పుడు నలుగురు పనిచేస్తున్నారు.
ఒక్కోరోజు నేను తీగే ముట్టుకోను.
ఆ రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నిన్న థిన్నరు గుడ్డతో మళ్ళీ బల్ల ఎక్కినా.
రంగు పోయింది.
చుట్టూ రేకు పదకొండేళ్ళ ఎండకు వెలిసిపోయి
అక్షరాలున్న చోట మాత్రం
కొత్తగా మెరుస్తోంది.
దూరం నుంచి ఇంకా చదవొచ్చు.

"పైన రంగేద్దామా అక్కా?"
వద్దులే ఎర్రీ.
అదీ ఎండలోనే ఉంది గదా, వెలుస్తుంది.
అంతదాకా
చదువు రానోళ్ళు
లోపలికి వస్తూనే ఉన్నారు.