పేరు లేని తీగ

వల్పరైసోలో కొండెక్కే ప్రతి వీధికీ
నెత్తిన ఒక కాకిగూడు.
కరెంటు తీగలు, టెలిఫోను తీగలు,
ఎప్పుడో మూతబడ్డ కంపెనీల తీగలు.
పాతది ఎవరూ దించరు.
దాని మీదే కొత్తది వేసి పోతారు.
నా బల్ల కింద కూడా అదే ఊరు.

ఏడేళ్లుగా కోర్టు వాంగ్మూలాలు విని టైపు చేస్తున్నాను.
విడాకులు, దొంగసంతకాలు, ప్రహరీ తగాదాలు.
మొన్న ఒక సాక్షి ఏడుస్తూ ఉండగా
నా బొటనవేలు ఏదో ఉచ్చులో పడింది.
మోడెం ఊడింది.
ఆవిడ ఏడుపు మధ్యలో నిలిచిపోయింది,
నోరు తెరుచుకుని, తెర మీద చక్రం తిరుగుతూ.

కేబుళ్ల ట్రే పన్నెండు వేల పెసోలట.
శుక్రవారం దాకా నా దగ్గర రెండు వేలు,
రొట్టెకి పోగా తొమ్మిది వందలు.
వాటితో ఒక డబ్బా నల్ల క్లిప్పులు వచ్చాయి,
కాగితాల కట్టల్ని కరిచిపట్టే రకం.
మిగతాది ఇంట్లోనే ఏరుకున్నాను:
జత పోయిన మేజోడు, అట్టగొట్టాలు రెండు,
రొట్టె సంచి మూతికి పెట్టే ప్లాస్టిక్ బిళ్లలు.
ఆ బిళ్లల్ని ఎందుకు దాచావని
మా చెల్లెలు ఎన్నోసార్లు వెక్కిరించింది.
ఇదిగో, ఇందుకు.

ఆదివారం బల్ల కిందకి దూరాను.
అరవై రెండేళ్ల మోకాళ్లు కాసేపు బేరమాడాయి.
దుమ్ము. ఒంటరి చెవిపోగు.
పెద్ద భూకంపం నాటి గోడపెచ్చు.
ముందు అన్నీ పీకెయ్యాలి, వేరే దారి లేదు.
పీకాను.
పక్కగదిలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానం టక్కున ఆగింది.
కరెంటు పోయిందేమో అనుకున్నాను.
నా ఫ్రిజ్ మాత్రం గురక పెడుతూనే ఉంది.

ఒక్కో బిళ్ల మీద ఒక్కో పేరు రాశాను.
తెర. దీపం. మోడెం. చెవులకి.
క్లిప్పుల్ని బల్ల అంచుకి కరిపించి
వాటి ముక్కుల్లోంచి తీగల్ని దూర్చాను.
చివరికి ఒక బూడిదరంగుది మిగిలింది.
నాది అని ఏ వస్తువూ ముందుకు రాలేదు.
తడుముకుంటూ పోయాను,
అలమారా వెనక, తివాచీ కింద,
గోడలో చిటికెనవేలంత కన్నం దాకా.
అవతల దోన్ బెలార్మినో.

బిల్లు ఎక్కువొస్తోందని
కరెంటాఫీసుకి మూడు ఉత్తరాలు రాశాను నేను.
పాపం ఆ ఫ్రిజ్‌ని ఎన్ని తిట్టాను!

తలుపు తట్టాడు.
రేవులో నలభై ఏళ్లు ఓడతాళ్లు చుట్టిన మనిషి.
సాక్షులు ఎలా మొదలెడతారో నాకు తెలుసు:
నాకేం తెలీదు, నేను అక్కడ లేను.
ఆయన ఆ మాట అనలేదు.
నేను చుట్టిన చుట్టలు చూసి మొహం చిట్లించాడు.
"మోచేతికి చుట్టకూడదు, దోన్యా ఎదెల్మీరా.
తీగకి జ్ఞాపకం ఉంటుంది.
ఒక చుట్టు పైనుంచి వెయ్యి, ఇంకోటి కిందనుంచి.
అది ఎటు వంగుతానంటే అటు పోనీ."
నేల మీద కూర్చుని పదకొండూ చుట్టాడు.
పన్నెండోదాని వైపు చూడలేదు.
నేనూ చూపించలేదు.
గడప దగ్గర ఆగి,
"ఆట ఎంతలో ఉందో" అన్నాడు,
సగం నాతో, సగం గోడతో.

ఆయన వెళ్లాక రెండు బిళ్లలు తీశాను.
ఒకదాని మీద బెలార్మినో అని రాసి
బూడిద తీగ మెడలో వేశాను.
రెండోదాని మీద రాశాను: నెలకి నాలుగు వేలు.
బిళ్ల చిన్నదే, అంకె బాగానే పట్టింది.
కన్నంలోంచి అవతలికి నెట్టి
ప్లగ్గు పెట్టాను.
రేడియోలో జనం కేకలు.
గోల్ అప్పటికే అయిపోయింది,
ఎవరు వేశారో గోడకి ఇటూ తెలీదు, అటూ తెలీదు.

సోమవారం ఆ సాక్షి
ఏడుపు ఆపిన చోటినుంచే మళ్లీ మొదలెట్టింది.
బల్ల కింద కాళ్లు చాపుకుని
చివరిదాకా విన్నాను.