గడువు తేదీ

మందుల షాపు అమ్మేశాక నాకు మిగిలింది
ఈ చెక్క సొరుగుల బీరువా.
నలభై రెండు సొరుగులు, ఇత్తడి పిడులు.
దగ్గు మందు వాసన ఇంకా పోలేదు.
అందులో ఇప్పుడు నోట్లు దాచుకుంటున్నాను.

బులవాయోలో పాత నోట్లు పోగేసేవాళ్లు ఇంకో ఇద్దరున్నారు.
వాళ్లు సున్నాల వరుసలో పేరుస్తారు,
నేను గడువు తేదీల వరుసలో.
నవ్వకండి, మా డబ్బుకి గడువుండేది.
ఫలానా డిసెంబరు ముప్పై ఒకటి దాకా చెల్లును అని
నోటు మీదే అచ్చేసేవారు,
జ్వరం బిళ్ళల అట్ట మీద వేసినట్టే.
ఆ గడువు దాటాక, ఇంకొన్నాళ్లు చెల్లుతుందిలెమ్మనేవారు.
మందులకి మేమెన్నడూ చెయ్యని పని అది.

ప్రతి నోటు మీదా అవే బండరాళ్లు,
ఒకదాని మీదొకటి, పడీపడనట్టు.
హరారే పక్కన నిజంగానే ఉన్నాయి. పడలేదు.
పక్కన అంకె మాత్రం సున్నాలు ఈనుతూ పోయింది.
ఒకసారి మూడు కోశారు, ఇంకోసారి పది,
గోళ్లు తీసినట్టు.
మళ్లీ పెరిగాయి.

మ్యూనిక్ నుంచి వోల్క్‌మార్ అని ఒకాయన వచ్చాడు.
తెల్ల గుడ్డ తొడుగులు వేసుకుని
కోటి కోట్ల నోటు కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు.
మడత లేదు, మరక లేదు, ఎవరి చెయ్యీ పడలేదు.
అలాంటిదే కావాలట.
అమ్మాను. ఆ డబ్బుతో నీళ్ల ట్యాంకుకి కొత్త మూత వేయించాను.

నాకు నచ్చేవి వేరే:
ఎంగిలి వేళ్లకి అంచులు మెత్తబడ్డవి,
మొక్కజొన్న పిండి అంటినవి,
వెనకాల ఎవరో బస్సు టైములు రాసుకున్నది ఒకటి.

అడుగు వరుసలో, ఎడమ చివర సొరుగు ఆయనే లాగాడు.
ఖాకీ కాగితం కవరు, పైన నా చేతిరాత:
మాగుమెదే. లుపానే. ఇన్సులిన్, ఒక సీసా.

రెండువేల ఎనిమిది, జూన్ చలి.
బస్సు దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చింది.
కౌంటరు మీద కట్ట విప్పి
బొటనవేలు తడుపుకుంటూ లెక్కపెడుతోంది.
సగంలో ఉండగా ఫోన్ మోగింది.
హోల్‌సేల్ వాడు. కొత్త రేటు.
సరేనని పెట్టేశాను.
ఆమె లెక్క పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు చెప్పాను.

ముందే చెప్పాల్సింది.
లేదా అసలు చెప్పకుండా ఉండాల్సింది.
పాత రేటుకి ఇచ్చుకుంటూ పోతే మర్నాటికి అర ఖాళీ.
అది అప్పటి నా లెక్క. తప్పు లెక్కేం కాదు.
ఫ్రిజ్‌కి గాజు తలుపు.
సీసా మా ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

తిట్టలేదు.
"కట్ట నీ దగ్గరే ఉండనీ, దార్లో లాక్కుంటారు.
మిగతాది తీసుకుని శుక్రవారం వస్తా" అంది.
పిల్లాడి పేరు నేను అడగలేదు.
వయసడిగాను, డోసు కోసం.
తొమ్మిది.

శుక్రవారానికి ఆ కట్టకి ఉప్పు పొట్లం వచ్చేదేమో.
ఆగస్టుకి అదీ రాదు.
సీసాకి ఆమె పేరు చుట్టి మూడు వారాలు ఉంచాను.
నాలుగో శుక్రవారం ఇంకెవరి పిల్లకో ఇచ్చేశాను.
డిసెంబరులో నోట్ల గడువు కూడా అయిపోయింది.

"ఇదెంత?" అన్నాడు వోల్క్‌మార్.
"అది వాళ్లది. వచ్చి పట్టుకెళ్తారు" అన్నాను.
నా మొహంలోకి చూసి, సొరుగు మెల్లగా తోశాడు.
చివర్లో పట్టేస్తుందది. కొంచెం ఎత్తి తొయ్యాలి.

అక్టోబరు ఎండలకి రబ్బరు బ్యాండు పెళుసెక్కి తెగుతుంది.
ఏడాదికొకటి మారుస్తాను.
ఇన్నిసార్లు చేతిలోకి తీసుకున్నా
ఆ కట్ట నేను లెక్కపెట్టలేదు.
ఆమె పెట్టిందేగా.
సరిగ్గానే ఉంది, పాత రేటుకి.