వెనక్కి వాలిన గోడ

మందసలో కొండ మొదట మా ఇల్లు.
మా పెరడు పడుకోదు, నిలబడి ఉంటుంది.
కరివేపాకు మొదట్లో చెంబు జారితే
దొర్లుకుంటూ పోయి
సాలిన కామేశు దడికి తగిలి మోగుతుంది.

తిత్లీకి ముందు ఏడు
జీపీఎఫ్ అప్పు తీసి
సిమెంటు ఇటుకలతో ఛాతీ ఎత్తు గోడ కట్టించాను.
పలాస మేస్త్రి అద్దంలా పూత పూసి
"బొట్టు నీరు దిగదమ్మా" అన్నాడు.
నిజమే, దిగలేదు.
గోడ వెనకే నిలిచింది. రాత్రంతా బలిసింది.
తెల్లారుజామున నా గోడ
నెలలు నిండిన పొట్టలా ఉబ్బి,
నిద్రలో ఒత్తిగిలినట్టు
కామేశు అరటిబోదెల మీద ఒరిగిపోయింది.

గాలికి పడిందన్నారు అందరూ.
నష్టం రాసుకోడానికొచ్చినాయన కూడా
గాలి అనే రాసుకున్నాడు.
కామేశు మాత్రం దడి అవతల నించి,
"కొండని మా ఇంటికి పంపీసినావేటి, నర్సమ్మా?"
ఆ తర్వాత నాలుగేళ్లు
మా మధ్య ఆ ఒక్క మాటే.

బుధవారం టీకాలకి మనవరాలిని తెచ్చి
ఆటో తప్పిపోయి
మా అరుగు మీద కూర్చుంది సవర సుంబురమ్మ.
మంచినీళ్లు తాగుతూ పెరట్లోకి చూసింది,
విరిగిన గోడ మొండాన్ని చూసింది.
"దీనికి ఊపిరి నేదు. అందుకే సచ్చిపోనాది."

వచ్చిన మొదటి రోజు ఏమీ కట్టలేదు.
పైనుంచి బిందెడు నీళ్లు వంపి
గొంతుక్కూర్చుని
అవి ఎటు పోతాయో చూసింది.
మళ్లీ బిందె. మళ్లీ చూపు.
సాయంత్రం లేచి,
"ఇయాల కూలి లెక్కెయ్యకు. నానేటీ సెయ్యనేదు."

మర్నాడు పలుగు ఖంగుమనే దాకా తవ్వించింది.
ఒక్కో రాయిని ఒళ్లో బిడ్డలా తిప్పి తిప్పి
"మొగం ఎటుందో సూడాల" అనేది.
నాకు అన్నివైపులా వీపే కనపడేది.
పొడుగు రాళ్లని అడ్డంగా కొండలోకి దూర్చింది.
వరస వరసకీ రెండేళ్లు వెనక్కి జరిపింది.
సిమెంటు లేదు, తాపీ లేదు,
కొండకి చేరగిలబడి కూర్చున్న మనిషిలా గోడ.

వెనక కంకర, పగిలిన పెంకులు,
నా పాత గోడ ముక్కలు.
అడుగున గొట్టం పెడదామన్నాను నేను.
ఇనప ఊచ కాల్చి బెజ్జాలు పొడిచి,
కొబ్బరిపీచు చుట్టి, కట్టు కట్టినట్టు దారం ముడేస్తుంటే
ఆవిడ పకపకా నవ్వింది.
అప్పుడు తట్టింది నాకు.
చీముగడ్డ కోశాక మా డాక్టరు
లోపల గుడ్డపేలిక వదులుతాడు,
పైకి మూసేస్తే లోన కుళ్లుతుందని.
ఇరవై రెండేళ్లు ఆ పేలికలు మార్చిన చేతులివి.
గోడ దగ్గరికొచ్చేసరికి
బుద్ధి ఆసుపత్రిలోనే ఉండిపోయింది.

అంతా అయ్యాక చూస్తే
గొట్టం మూతి కామేశు వైపుంది.
నీటికి వేరే పల్లం లేదు.
"ముందు గోడని పంపీసినావు, ఇప్పుడు నీరా?"
తెల్లారేసరికి మూతిలో గోనెపట్టా కుక్కి ఉంది.
నేను తీశాను. మళ్లీ కుక్కాడు.
సుంబురమ్మ ఎవరి పక్షమూ మాటాడలేదు.
వాళ్ల కొండపంటకి వేళయిందని
రెండు రోజుల కూలి నా దగ్గరే వదిలేసి ఎక్కిపోయింది.

ఆషాఢంలో ఒక అర్ధరాత్రి
వాన విరుచుకుపడింది.
నేను గొడుగూ టార్చీ పట్టుకుని దిగేసరికి
కింద ఇంకో టార్చి వెలుగుతోంది.
నెత్తిన యూరియా సంచి కప్పుకుని
కామేశు
గోనెపట్టా పీకి పారేసి
పారతో నీటిని అరటిబోదెల వైపు మళ్లిస్తున్నాడు.
నా వెలుగు తన మీద పడినా తలెత్తలేదు.
నేనూ ఏమీ అనలేదు.
లైటు మాత్రం పట్టుకుని నిల్చున్నాను.

పొద్దున్నే దడి మీంచి అరుపు:
"నీరు ఎర్రగొస్తంది! నీ మట్టి కారిపోతంది, సూసుకో!"
మూడో వానకి తేరింది.
ఆ సంగతీ ముందు తనే చెప్పాడు.

ఏడో వరసలో ఒక రాయి
బొటనవేలంత బయటికొచ్చింది.
సుత్తి తెస్తానన్నాడు కామేశు. వద్దన్నాను.
రెండు రోజుల కూలి
టీకాల పుస్తకంలో పెట్టి ఉంచాను.
మనవరాలికి తర్వాతి సూది వచ్చే నెల.
ఆవిడ వచ్చి
ఆ రాయి మొగం చూసి చెప్పాలి.