మేడ మీద గదివాళ్ళకి

రూబేనూ, ప్రణుతీ,
రాత్రి రెండింటికి కూడా మీ గదిలో లైటు వెలుగుతోందని
గడ్డలు దించే అప్పన్న చెప్పాడు.
ఈ చీటీ అద్దె కోసం కాదు.
అద్దె సంగతి చివర్లో.

మెట్లెక్కుతూ అమోనియా ఘాటుకి ముక్కు మూసుకుంటారే,
అక్కడే మా తొట్టి.
అందులో ఉన్నది ఉప్పునీళ్ళు.
ఎంత చల్లబడ్డా తను గడ్డకట్టదు,
తనలో మునిగిన డబ్బాల్లో మంచినీళ్ళని
తెల్లారేసరికి గడ్డ కట్టిస్తుంది.
మీకు అలాంటి మనిషి ఒకరు కావాలి.
పెట్టుబడి పెట్టేవాడే కానక్కర్లేదు.

నేను మొదలెట్టినప్పుడు నాకు ఇరవై ఆరు.
నర్సాపురం రేవులో ఆడది ఐసు అమ్మడమేంటని నవ్వారు.
నవ్వినవాళ్ళే వేసవిలో వరసకట్టి కొన్నారని
చెబితే బాగుంటుంది గానీ
వాళ్ళు ఎప్పుడూ కొనలేదు.
కొన్నది పంటు దిగి వచ్చే చేపల బుట్టల ఆడవాళ్ళు,
మనిషికి పావు గడ్డ, అదీ అరువు.
నవ్వినవాళ్ళకి జవాబు చెప్పాలని
ఒక ఏడాది పారేశాను.
మీరు పారేయకండి.

గాలివాన ఏడు మూడు రోజులు కరెంటు లేదు.
నూట పది గడ్డలు
మురిక్కాలవ పట్టుకుని గోదాట్లోకి నడిచి వెళ్ళిపోయాయి.
నేను గడప మీద కూచుని లెక్కపెట్టాను.
కొనేవాడు వచ్చేలోపే కరిగిపోయే సరుకు మాది.
మీ బ్యాంకులో ఉన్నదీ ఐసే.
పేరు రాసిన చొక్కాలు, గాజు తలుపు,
హైదరాబాదులో సభకి విమానం టిక్కెట్లు,
ఎండలో దించిన గడ్డలు అవన్నీ.
ఊక కప్పుకోండి.
ఊకంటే ఏముంది, మిల్లువాడు పారబోసేదే,
మూడు రోజుల సరుకుని ఆరు రోజులు నిలబెట్టింది నాకు.

మొన్న లోసరిలో భూపతిరాజుగారి చెరువులో
తెల్లవారుజామున మీ పరికరం మోగలేదట.
రొయ్యలు నోళ్ళు తెరిచి గట్టుకి చేరాయట.
ఆయన ఫోను చేస్తే మీరు ఎత్తలేదని కూడా విన్నాను.
మొదటిది పొరపాటు. రెండోది తప్పు.
వెళ్ళండి. ప్యాంట్లు మడిచి ఆ బురదలో ఆయన పక్కన నిలబడండి.
తిడతారు. ఆ తిట్లకి కూడా చివర "అండి" ఉంటుంది,
అందుకే ఎక్కువ గుచ్చుకుంటాయి.
పడండి.
అయ్యాక అడగండి,
కాపలా కుర్రాడు ఎక్కడ పడుకుంటాడు,
ఫోను ఎక్కడ ఛార్జింగు పెడతాడు,
చప్పుడుకి లేస్తాడా, వెలుతురుకి లేస్తాడా.
మీ గదిలో నెలలుగా దొరకనిది
ఆ గట్టు మీద గంటలో దొరకొచ్చు.
దొరక్కపోనూవచ్చు.
మళ్ళీ వెళ్ళండి.

తొందరపెట్టి కట్టిన గడ్డ నడుమ తెల్లగా ఉంటుంది,
లోపల గాలి చిక్కుకుని.
సుత్తి తగిలితే పిండి.
నిదానంగా కట్టింది అద్దం,
అవతల పెట్టిన చెయ్యి కనిపిస్తుంది.
ఇంతకంటే దీని మీద చెప్పను.

ప్రణుతీ, లెక్కలు నువ్వొక్కదానివే చూడకు.
రూబేనూ, మాటలన్నీ నువ్వే మాట్లాడకు.
నేనూ నా భాగస్వామి కాసులమ్మా విడిపోయింది
నష్టం వచ్చిన రోజు కాదు,
మొదటి లాభం పంచుకున్న సాయంత్రం.
ఇప్పటికీ పంటు మీద ఎదురైతే
ఇద్దరం నీళ్ళకేసి చూస్తాం.
ఎవరికెంతో కాగితం మీద రాసుకోండి,
ఒకరంటే ఒకరికి ఇష్టం ఉండగానే.

ఇక అద్దె.
మూడు నెలలది రావాలి. వదిలెయ్యను.
వదిలేస్తే మీది ఆట అనుకున్నట్టు.
చేపలవాళ్ళ అరువు పుస్తకంలోనే
మీ పేర్లూ ఎక్కించాను.
అందులో కొట్టెయ్యకుండా మిగిలిన పేర్లు రెండే.
ఇరవయ్యేళ్ళయింది,
వాళ్ళొస్తారనే అనుకుంటున్నాను.

లైటార్పి పడుకోండి.
కింద కంప్రెసరు మోత మొదట్లో నిద్ర పట్టనివ్వదు.
అలవాటవుతుంది.
అది ఆగినప్పుడు లేస్తే చాలు.