ఎవరి అర్ర వాళ్లది

ఎనుమాముల మార్కెట్ల, కాంటా పక్క రూంల
నాలుగు జీబీ కంప్యూటర్ ఒక్కటే.
పనులు మాత్రం అయిదు:
గేటు టోకెను, కాంటా తూకం,
పత్తి బోర్డు, మిర్చి బోర్డు, ఆఖరికి తక్‌పట్టీ.

అన్నీ జావాల నేనే రాసిన.
అన్నిటినీ ఒక్క మిషన్ల పడేసి నడిపిన.
మిషన్ అంటే ఈ ఇనుప డబ్బా కాదు,
డబ్బా లోపలి ఉత్తుత్తి డబ్బా.
చేతికి దొరకది గని
నిండుతది, అలుస్తది, చస్తది.

మొదలు బాగనే ఉండె,
కరీమాబాద్ల మేం పెరిగిన ఇల్లు లెక్క:
ఒకటే మీటరు, ఒకటే సంపు, ఒకటే పొయ్యి.
పెద్దనాయిన అలిగి మెయిన్ గుంజితే
పరీక్షకు చదివే కొమురెల్లికి సుత చీకటే.

ఒకనాడు తూకం ప్రోగ్రాం
"నా పని అయింది, పోతున్న" అన్నది.
పోతూ పోతూ ఇంటికే తాళమేసింది.
టోకెను ఆగింది, బోర్డులు ఆరినయి,
ట్రాలీలు మలుపు దాకా నిలబడ్డయి.

దానికన్న వింత, మాఘంల ఒక మంగళారం.
'ధర' అని పేరు పెట్టి, స్టాటిక్ అని రాసిన,
అంటే అందరికీ ఒకటే గిన్నె.
మిర్చి అండ్ల పోసింది,
పత్తి అండ్లకెంచే ఒంచుకున్నది.
పత్తి బోర్డు మీద క్వింటాలు
పద్నాలుగు వేల రెండొందలు.

యార్డంత నిమ్మళమైంది.
బస్తా దించబోయిన హమాలీ యాకయ్య
దించకుండనే నిలబడ్డడు.
పదకొండు సెకన్లు. లాగ్ ఫైల్ల ఉన్నది.
తర్వాత ఏడు వేలకు యాభై తక్కువ.

ఆ రాత్రే విడగొట్టిన.
అయిదు కమాండ్లు, అయిదు మిషన్లు,
ఎవరి అర్ర వాళ్లది, ఎవరి పొయ్యి వాళ్లది.
కాంటాకు అయిదొందల పన్నెండు ఎంబీ,
తక్‌పట్టీ ఎంత ఏడ్సినా రెండొందల యాభై ఆరే.
చెత్త ఊడ్సేటోడు సుత అర్రకొకడు,
ఇక్కడ ఊడుస్తుంటే పక్కింట్ల వంట ఆగదు.
మాట్లాడుకోవాలంటే గోడకు చిన్న కిటికి,
కిటికికో నంబరు.

అద్దె ఉంటది, లేదనను.
ఏ పని చెయ్యకున్నా ఒక్కొక్కటి
నలభై ఎంబీ మింగి కూసుంటది.
వేరుపడుడు అగ్గువ కాదని
మా నాయినమ్మ ఊకె అనలే.

ఇప్పుడు తూకం పడితే తూకమే పడుతది.
మిగతా నలుగురికి చప్పుడన్న వినరాదు.
చాయ్ సల్లారకముందే లేపి నిలబెడుత.

నర్సంపేట దిక్కు తండా నుంచి
బానోతు హర్జ్యా వారానికొక తాప వస్తడు.
పత్తి తెచ్చినా తేకున్నా
బోర్డు కింద తువ్వాల పరుసుకొని కూసుంటడు.
నిన్న కిటికి కాడికొచ్చిండు.
"ఆ దినం పడ్డది గద బిడ్డా,
పద్నాలుగు వేలు. మల్ల ఎప్పుడు పడుతది?"

ఇగ పడదని ఎట్ల చెప్పాలె.
పత్తికి మిర్చికి నడుమ గోడ కట్టింది నేనే.
ఎంత గట్టి గోడంటే
ఒక్క అంకె సుత ఇటు కారదు.

"అప్పుడు కరెంటు తేడా కాకా" అన్న.
ఆయన బోర్డు దిక్కు చూసిండు.
నేను స్క్రీన్ దిక్కు చూసిన:
అయిదు నంబర్లు, అయిదు పేర్లు,
అన్నీ నడుస్తున్నయి.