ఆరంగుళాల వాలు

డులూత్‌లో కొండవాలు వీధి, సరస్సుకేసి తిరిగిన ఇల్లు.
నేలకింది గదిలో బాయిలర్ మంచిదే, నాలుగేళ్ళది.
దానికి ముక్కు పెట్టిన చోటే మంచిది కాదు.

ఉత్తరపు గోడకి, నేలకి అడుగెత్తున,
రెండు తెల్ల గొట్టాలు పక్కపక్కనే:
ఒకటి పీల్చేది, ఒకటి వదిలేది.
పోయిన ఫిబ్రవరిలో మంచు వచ్చి
రెండింటికీ ఒకే దుప్పటి కప్పింది.

లోరెట్టా గారు నవ్వుతూనే చెబుతున్నారు.
మెట్ల దగ్గర అలారం కూస్తే
బ్యాటరీ అయిపోయిందనుకున్నారట.
కొత్తది వేస్తే మళ్ళీ కూసిందట.
విసుగొచ్చి పీకేశారట.
పై వాటాలో అద్దెకున్న నర్సు
రాత్రి డ్యూటీ దిగి వచ్చి
ఈవిడ మాట తడబాటు విని
చెయ్యి పట్టుకొని మంచులోకి ఈడ్చుకుపోయిందట.
"చెప్పులైనా వేసుకోనివ్వలేదు" అంటారు, ఇప్పటికీ ఫిర్యాదుగా.

నిప్పు లేనిదే పొగ రాదంటాం.
నిప్పులోంచి పొగ లేకుండా వచ్చేదానికి
మనవాళ్ళెవరూ సామెత కట్టలేదు.
రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు.
కాస్త తలనొప్పి. కాస్త నిద్ర.

ఉర్హోకి నలభై ఏళ్ళుగా ఇదే పని.
అయినా బాయిలర్‌తో వచ్చిన పుస్తకాన్ని
ప్రతి ఇంట్లోనూ కొత్తగా, వేలు పెట్టి చదువుతాడు.
"నాకు తెలుసులే అన్నవాళ్ళ పైపులే
నేను ఎక్కువ మార్చాను" అంటాడు.

లెక్క నాకు అప్పజెప్పాడు.
కొత్త దారి పొడవు ముప్పై ఎనిమిది అడుగులు.
మలుపులు ఆరు. ఒక్కో మలుపుకీ గాలి
ఐదడుగులు నడిచినంత అలసిపోతుందని పుస్తకం.
మొత్తం అరవై ఎనిమిది.
రెండంగుళాల పైపు అరవై దాకానే ఒప్పుకుంటుంది.
ఎనిమిది అడుగులే కదా, అన్నాను.
పెన్సిల్ చెవి మీద దోపుకొని
నా వైపు చూశాడంతే.
వ్యాన్‌లోంచి మూడంగుళాలవి మోసుకొచ్చాను,
మంచుపట్టిన మెట్ల మీద రెండుసార్లు జారి.

కోసిన అంచు నున్నగా గీకి,
ఊదారంగు మందు పూసి, జిగురు పూసి,
తోసి, పావు చుట్టు తిప్పి
ముప్పై లెక్కపెట్టేదాకా వదలకూడదు.
వేళ్ళు నేరేడుపళ్ళు దొంగిలించిన పిల్లవి.

వాలు దగ్గరే తడబడ్డాను.
మూడేళ్ళుగా మట్టంలో బుడగని
నడుమకి తేవడమే నేర్చుకున్నదాన్ని.
ఇక్కడ బుడగ నడుమనుంటే తప్పు.
అడుగుకి పావంగుళం,
ఇరవై నాలుగడుగుల అడ్డపైపుకి ఆరంగుళాలు,
బాయిలర్ వైపే వాలాలి.
ఊపిరిలోని తడి వెనక్కి జారి
పాలరాయి ముక్కల డబ్బాలో పులుపు విరిగి
అప్పుడు పోవాలి కాలువలోకి.
పైపు పొట్ట జారిన చోట నీళ్ళు నిలుస్తాయి.
నీళ్ళు నిలిచిన చోట ఊపిరి ఆడదు.

నాలుగో కొక్కెం దాటాక పొట్ట జారింది.
అతుకు అప్పటికే రాయి.
ఉర్హో పైన కాఫీ తాగుతున్నాడు.
గోరంతే తేడా. పైకప్పు పలక మూసేస్తే
ఎవరికీ కనబడదు.
కాసేపు ఆ పలక పట్టుకునే నించున్నాను.
తర్వాత రంపం తీశాను.

బయట గోడమీద ఈసారి నా తలకన్నా ఎత్తున,
పాత మంచు గీతకి బాగా పైన,
నర్సు కిటికీకి ఎడంగా రెండు మూతులు.
వాటి మధ్యా దూరం, మళ్ళీ పుస్తకం చూసి:
తను వదిలిన ఎంగిలి గాలి
తనే పీల్చకూడదు.

నా పేరు సరయు. ఉర్హో "సరి" అంటాడు.
వాళ్ళవైపు ఆడపిల్లలకి ఆ పేరుందట.
సాయంత్రం మట్టం ఆనించి చూసి,
నేలమీద పడున్న కోసేసిన ముక్కని బూటుతో కదిపి,
"సరి" అన్నాడు.
పిలిచాడో, ఒప్పుకున్నాడో!
అడగలేదు.

లోరెట్టా గారు అలారానికి బ్యాటరీ వేశారు.
అది ఒక్కసారి కూసి ఊరుకుంది.
గోడమీద తెల్లటి ఆవిరి సరస్సు వైపు సాగింది.
పై వాటాలో నర్సు పగటి నిద్ర,
కిటికీ తెర కదల్లేదు.