పద్నాలుగో మీట

అల్లిపురంలో మా కొట్టు.
నీళ్ళ పంపులు, పిండిమర మోటార్లు,
ఫిషింగ్ హార్బరు నుంచి ఉప్పు పట్టి వచ్చే వించిలు.
కాలిన రాగి వాసన చూసి
ఏ రాత్రి కాలిందో చెప్పేది మా అమ్మ.
ఆవిడ పోయాక ఆ ముక్కు నాకొచ్చింది.

క్లారెన్స్ గారు ట్రాలీ ఆటోలో తెచ్చింది
ఏ వాసనకీ అందలేదు.
దుప్పట్లో చుట్టిన బీరువా అంత పెట్టె,
ముందు తెల్లవీ నల్లవీ ముప్పై ఐదు మీటలు.
"పియానోనా అండీ?"
"కాదమ్మా, ఇందులో ముప్పై ఐదుమంది వయొలిన్ వాళ్ళున్నారు.
ఒక్కడికీ జీతం లేదు."

మూత తీస్తే అర్థమైంది.
మీట మీటకీ ఒక టేపు ముక్క.
నొక్కితే కదులుతుంది, ఎనిమిది సెకన్లు పాడుతుంది,
వదిలితే స్ప్రింగు లాక్కుని మొదటికి పోతుంది.
ఎక్కడో ఎప్పుడో ఒకామె
ఒక్కో స్వరం ఎనిమిది సెకన్లు వాయించి
కోటు తొడుక్కుని ఇంటికెళ్ళిపోయి ఉంటుంది.
అందరినీ లాగేది మాత్రం ఒక్కటే మోటారు,
పిడికిలంత.

జబ్బు ఆయనే చెప్పాడు.
ఒక వేలు పెడితే బాగానే ఉంటుంది.
నాలుగు వేళ్ళు పెడితే
సింహాచలం మెట్లెక్కే స్థూలకాయుడిలా
స్వరం ఊపిరి జారుస్తుంది.
ఎండాకాలం మధ్యాహ్నం ఒక శ్రుతి, వానపడితే ఇంకొకటి.
రైల్వే క్లబ్బులో డాన్సు జరిగే రోజుల్లో
గిటారువాడు పాటపాటకీ తీగలు బిగించుకునేవాడట,
చివరికి గిటారు అమ్మేసి
స్టీలు ప్లాంటులో చేరిపోయాడట.

బ్రష్షులు అరిగి గోరంత మిగిలాయి.
వేగం చూసే కార్డు మీద ముసలి ట్రాన్సిస్టర్లు,
వేడెక్కితే మాట మార్చేస్తున్నాయి.
అవి పీకేసి కొత్తవి వేశాను.
కేప్స్టన్ మీద తుప్పు,
కిరోసిన్ గుడ్డతో, వేలిగోరుతో.
ఫ్లైవీలు అంచున సుద్దముక్కతో లెక్కపెట్టి గీతలు గీసి
ట్యూబులైటు కింద తిప్పాను.
మా అమ్మ నేర్పిన పద్ధతి ఇది:
గీతలు వెనక్కి నడిస్తే నెమ్మది,
ముందుకి నడిస్తే తొందర,
తిరుగుతూనే నిలబడినట్టు కనిపిస్తే
సరిపోయినట్టు.

మూడోరోజు నిలబడ్డాయి.
పది వేళ్ళు పెట్టినా కదల్లేదు.

ఆయన ఒక్కొక్క మీటా నొక్కుకుంటూ వచ్చాడు,
పళ్ళు లెక్కపెట్టే డాక్టరులా.
పద్నాలుగో దగ్గర ఆగాడు.
అది దిగిపోయి ఉంది. నాకే తెలిసింది.
"వేగం పెంచనా?"
"దీనొక్కదాని కోసం పెంచితే
మిగతా ముప్పై నాలుగూ కీచుమంటాయి."
కాసేపాగి చెప్పాడు:
హుద్‌హుద్ రాత్రి కిటికీ ఊడి పెట్టె మీద పడితే,
చీకట్లో, నీళ్ళలో,
ఆ టేపు రోలరుకి చుట్టుకుపోయింది.
"నేనే లాగాను. సాగిపోయింది."
సాగిన టేపుకి మోటారు ఏం చేస్తుంది.

అయినా వాయించాడు, నిలబడే.
గుంతలు తెలిసిన ఆటోవాడు
కంచరపాలెం రోడ్డులో పోయినట్టు
పద్నాలుగో మీట పక్కనుంచి
పోతూ, వంగుతూ, మళ్ళీ దారిలో కొస్తూ.
మిక్సీ కోసం వచ్చిన ఆవిడ
మిక్సీ సంగతి అడగలేదు.

చివర్లో, ఎందుకో,
ఆ గుంతలోనే కాలు పెట్టాడు.
వేలు తియ్యలేదు.

మూలన రాత్రి చుట్టిన పంపు
ఖాళీగా తిరుగుతోంది, పరీక్షకి పెట్టాను.
నాకు శ్రుతి తెలీదు, మోటారు మూలుగు తెలుసు.
ఆ మూలుగూ ఆ స్వరమూ
అతుకు కనపడకుండా కలిసిపోయాయి,
పంపు కింద, వయొలిన్ పైన.
ఎనిమిది సెకన్లు.
టేపు అయిపోయింది. పంపు పాడుతూనే ఉంది.

ఆయన పెట్టెని చూడలేదు. మూలకి చూశాడు.
"అదెంతమ్మా?"
"అమ్మకానికి కాదండీ. ఆరిలోవ వాళ్ళది,
సాయంత్రం ఆరింటికి పట్టుకెళ్తారు."

గోడ గడియారం చూసుకుని
స్టూలు లాక్కున్నాడు.
"అయితే ఆరింటిదాకా ఉంటాను."